గుండు పప్పా, బద్ద పప్పా: పరిపూర్ణ ప్రత్యామ్నాయాలకు ఉదాసీనతా రేఖలు గీసి, బడ్జెట్‌లో ఎంపిక తేల్చే పద్ధతి

పలాస, కాశీబుగ్గ కొట్లలో జీడిపప్పు అంతా ఒకే ధరకు దొరకదు. పగలని గుండుకు ఒక రేటు, రెండుగా చీలిన బద్దకు ఒక రేటు, ముక్కకు ఇంకో రేటు. పెళ్లి వంటలకు పప్పు తెప్పించే వంటమేస్త్రి ముందు చూసేది ఆ పప్పు దేనికి పోతుందని, రేటు ఆ తర్వాత. పులిహోర మీదో, స్వీటు మీదో కంటికి ఆనాలంటే గుండే కావాలి. కుర్మాలోకి ముద్దగా రుబ్బేదయితే గుండయినా బద్దయినా ఒకటే. ఈ రెండో సందర్భంలో గుండు, బద్ద ఒకదానికొకటి పరిపూర్ణ ప్రత్యామ్నాయాలు.

వినియోగదారుని సమతౌల్యం, అంటే చేతిలోని డబ్బుతో అత్యధిక తృప్తినిచ్చే ఎంపిక, చదివే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒకే తృప్తినిచ్చే కలయికలను కలిపే గీత ఉదాసీనతా రేఖ, ఉన్న డబ్బంతా పెడితే వచ్చే కలయికల గీత బడ్జెట్ రేఖ. మామూలు వస్తువుల దగ్గర నేర్చుకున్న సూత్రాన్ని, అంటే బడ్జెట్ రేఖ ఉదాసీనతా రేఖను స్పర్శించే చోటే సమతౌల్యం అన్నదాన్ని, తెచ్చి ఇక్కడ కూడా పెడతారు. ఇక్కడ రెండూ సరళరేఖలే కాబట్టి స్పర్శ బిందువు కోసం వెతికితే దొరకదు. రెండు వాలులను పోల్చాలి, అంతే. ఉదాసీనతా రేఖ వాలు వంటింట్లో తేలుతుంది, బడ్జెట్ రేఖ వాలు బజారులో తేలుతుంది. దేనికది విడిగా తేల్చుకోకుండా పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఈ పాఠంలో వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం అదే.

కింద వాడిన ధరలన్నీ లెక్క తేలిగ్గా నడవడానికి వేసుకున్నవి. మీ ఊరి రేట్లు పెట్టుకుని మళ్లీ చేసి చూడండి.

మొదటి మెట్టు: నిజంగా పరిపూర్ణ ప్రత్యామ్నాయాలేనా?

వాడేవాళ్లను ఒక ప్రశ్న రెండుసార్లు అడగాలి. "నీ దగ్గర 10 కిలోల గుండు ఉంది. అందులో ఒక కిలో తీసేసుకుంటే, లోటు తెలియకుండా ఉండడానికి ఎంత బద్ద ఇవ్వాలి?" తర్వాత, "నీ దగ్గర గుండు ఒక్క కిలోనే మిగిలింది, మిగతాదంతా బద్దే. ఆ ఆఖరి కిలో కూడా తీసుకుంటే ఎంత బద్ద ఇవ్వాలి?"

రెండుసార్లూ ఒకే జవాబు వస్తే అవి పరిపూర్ణ ప్రత్యామ్నాయాలు. రుబ్బే పప్పుకు రెండుసార్లూ "ఒక కిలో" అనే అంటారు. అదే పప్పు సగం రుబ్బడానికి, సగం పైన వేయడానికి అయితే జవాబు మారిపోతుంది. మొదటి కిలోకు కిలో చాలంటారు, ఆఖరి కిలో మాత్రం రెండు కిలోల బద్ద ఇచ్చినా వదలరు. అప్పుడు రేఖ మూలబిందువు వైపు వంగిన మామూలు వక్రరేఖ అవుతుంది, ఈ పద్ధతి దానికి పనికిరాదు. వస్తువులు అవే, అవసరం మారేసరికి రేఖ ఆకారమే మారింది. అందుకే "టీ, కాఫీ పరిపూర్ణ ప్రత్యామ్నాయాలు" అని జవాబు పత్రంలో రాసేసి ఊరుకోకూడదు. ఎవరికి, దేనికి అన్నది కూడా రాయాలి. ఉదయం లేవగానే కాఫీ పడకపోతే తల పట్టేసే మనిషికి ఆ రెండూ ప్రత్యామ్నాయాలు కానే కావు.

ఒకే జవాబు రావాలన్నామే గానీ, ఆ జవాబు "ఒకటికి ఒకటి" కావాలని లేదు. ఒకటికి రెండయినా, ఒకటికి ఒకటిన్నరయినా, ఆ రేటు మొదటి నుంచి చివరిదాకా మారకపోతే చాలు. ఈ రేటునే ఉపాంత ప్రత్యామ్నాయ రేటు అంటాం. కింద వాడకం రేటు, వంటింటి రేటు అన్నా ఇదే.

రెండో మెట్టు: వాడకం రేటును సరిగ్గా పట్టుకోవడం

ఇక్కడ ధర ఊసు రానివ్వకండి. "గుండు 900, బద్ద 750, కాబట్టి ఒక గుండుకు 1.2 బద్ద" అని రాయడం తరచూ కనిపించే తప్పు. అది బజారు మార్పిడి రేటు. రుబ్బురోట్లో కిలో గుండు బదులు కిలో బద్దే పడుతుంది. వాడకం రేటు 1.

ముక్క దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ముక్కలో పొట్టు, పొడి కలిసి వస్తాయి. కిలోకు 100 గ్రాములు జల్లెడ కింద పోతుందనుకుంటే చేతికొచ్చేది 900 గ్రాములు. కిలో గుండుకు సాటి కిలో ముక్క కాదు, సుమారు 1.11 కిలోల ముక్క. రేటు రూ. 700 కనబడినా, పనికొచ్చే కిలో దగ్గరికి వచ్చేసరికి 700ను 0.9తో భాగిస్తే రూ. 778 అవుతుంది. అంటే రూ. 750 బద్ద కంటే ముక్కే ఖరీదు. తరుగు తీసేయకుండా లెక్క వేయకూడదు.

మూడో మెట్టు: ఉదాసీనతా పటం గీయడం

గ్రాఫ్ కాగితం తీసుకోండి. అడ్డ అక్షం మీద గుండు (గ), నిలువు అక్షం మీద బద్ద (బ). రెండు అక్షాలకూ ఒకే కొలత పెట్టండి, ఒక సెంటీమీటరుకు 2 కిలోలు సరిపోతుంది. ఒక్కో అక్షానికి ఒక్కో కొలత పెడితే రేఖ ఏటవాలు చూసి మోసపోతారు. ఒకటికి ఒకటి రేటున్న రేఖ 45 డిగ్రీల్లో కనిపించేది కొలతలు సమానంగా ఉన్నప్పుడే.

మొదటి రేఖకు గ + బ = 4. అడ్డ అక్షం మీద 4 దగ్గర, నిలువు అక్షం మీద 4 దగ్గర చుక్కలు పెట్టి స్కేలుతో కలపండి. ఈ రేఖ మీద ఎక్కడ నిలబడ్డా వంటమేస్త్రికి 4 కిలోల ముద్దే: 4 గుండు, లేదా 3 గుండు 1 బద్ద, లేదా 4 బద్ద. ఇలాగే 8కి, 10కి, 12కి గీయండి. అన్నీ సమాంతరంగా రావాలి, ఒకదాన్నొకటి ఖండించకూడదు. చుక్కల గీతలతో గీసుకుంటే తర్వాత వచ్చే బడ్జెట్ రేఖతో కలిసిపోవు.

మామూలు ఉదాసీనతా రేఖలు అక్షాలను తాకవని పాఠంలో చదివి, ఇక్కడ కూడా చివరలను అక్షాలకు దూరంగా ఆపేసేవాళ్లున్నారు. పరిపూర్ణ ప్రత్యామ్నాయాల రేఖ అక్షాన్ని తాకి తీరాలి. ఒక వస్తువు పూర్తిగా లేకపోయినా పని జరుగుతుంది కాబట్టే అవి పరిపూర్ణ ప్రత్యామ్నాయాలు. ఇంగ్లీషు 'ఎల్' అక్షరం లాంటి రేఖ పూరక వస్తువులది, కుడి చెప్పు ఎడమ చెప్పు బాపతు. దాన్ని ఇక్కడికి తేవద్దు.

రేఖ పక్కన రాసిన 4, 8, 12 అంకెలు తృప్తి కొలతలు కావు, వరస చెప్పే గుర్తులు. వాటి బదులు 40, 80, 120 రాసినా, 16, 64, 144 రాసినా పటం మారదు, ఎంపికా మారదు. ఆర్థికశాస్త్రవేత్త ఎడ్జ్‌వర్త్ 1881లో ఈ రేఖలను తెచ్చినప్పుడు తృప్తిని కొలవవచ్చనే అనుకున్నాడు. పారేటో 1906 నాటికి వరస చాలన్నాడు. హిక్స్, అలెన్ 1934లో ఆ పునాది మీదే వినియోగదారుని సిద్ధాంతాన్ని తిరిగి కట్టారు. పరీక్షలో "12 యూనిట్ల ప్రయోజనం" అని రాసేముందు ఇది గుర్తుంచుకోండి.

నాలుగో మెట్టు: బడ్జెట్ రేఖ

చేతిలో రూ. 9,000. గుండు కిలో రూ. 900, బద్ద కిలో రూ. 750. డబ్బంతా గుండు మీద పెడితే 9,000 ÷ 900 = 10 కిలోలు. అంతా బద్ద మీద పెడితే 9,000 ÷ 750 = 12 కిలోలు. అడ్డ అక్షం మీద 10, నిలువు అక్షం మీద 12 గుర్తించి గట్టి గీతతో కలపండి. సమీకరణం 900 గ + 750 బ = 9,000. వాలు 900 ÷ 750 = 1.2 (గుర్తు రుణాత్మకం, పోల్చేటప్పుడు విలువే చూస్తాం). అంటే బజారులో ఒక కిలో గుండు వదులుకుంటే 1.2 కిలోల బద్ద వస్తుంది.

ఐదో మెట్టు: రెండు వాలులను పక్కపక్కన పెట్టడం

వంటింటి రేటు 1. బజారు రేటు 1.2. కిలో గుండు వదిలితే కిలో బద్ద వస్తే చాలునన్న మనిషికి బజారు 1.2 కిలోలు ఇస్తోంది. మొదటి కిలో వదిలినా 200 గ్రాములు మిగులు, రెండో కిలో వదిలినా అంతే, ఆఖరి కిలో వదిలినా అంతే. మధ్యలో ఆగడానికి కారణమే లేదు. అందుకని అక్షం దాకా వెళ్లిపోతాడు: గుండు 0, బద్ద 12. పటంలో చూస్తే (0, 12) దగ్గర బడ్జెట్ రేఖ 12 కిలోల ఉదాసీనతా రేఖను అందుకుంటుంది. అడ్డ అక్షం చివర 10 కిలోల రేఖ దగ్గరే ఆగిపోతుంది. ఎంపిక ఇలా బడ్జెట్ రేఖ చివర, మూలలో తేలితే దాన్ని మూల పరిష్కారం అంటారు.

ఉపాంత ప్రత్యామ్నాయ రేటు ధరల నిష్పత్తికి సమానం కావాలన్న షరతును ఇక్కడ రాస్తే 1 = 1.2 అని వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి "సమతౌల్యం లేదు" అని రాసేస్తారు. సమతౌల్యం ఉంది, అది మూలలో ఉంది. ఆ షరతు మూలల్లో వర్తించదు.

గీత చూసి చెప్పాలంటే ఇలా పోల్చండి. ఉదాసీనతా రేఖ కంటే బడ్జెట్ రేఖ ఎక్కువ నిటారుగా ఉంటే నిలువు అక్షం మీది వస్తువే మొత్తం కొంటారు. ఎక్కువ వాలిపోయి ఉంటే అడ్డ అక్షం మీది వస్తువే. సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే, అంటే బద్ద కూడా రూ. 900 అయితే, రేఖ మీద ఎక్కడైనా ఒకటే. ఆ సందర్భంలో "5 గుండు, 5 బద్ద" అని ఒక బిందువే రాస్తే సగం జవాబే. 0 నుంచి 10 వరకు ఏ కలయికైనా సమతౌల్యమేనని రాయాలి.

ధర మారితే ఏమవుతుంది

ముందు, ఏమీ కాని సందర్భం చూద్దాం. బద్ద రూ. 750 దగ్గరే ఉండి గుండు 900 నుంచి 860కి దిగింది. ఎంపికలో చలనం ఉండదు. ఇంకా 800కి దిగినా ఉండదు. రూ. 750 దాటి ఒక్క రూపాయి కిందికి వచ్చిందా, కొనుగోలు మొత్తం ఒక్కసారిగా గుండు వైపు దూకుతుంది. ఈ దూకుడే పరిపూర్ణ ప్రత్యామ్నాయాల ముద్ర. అలాగే ఉద్దానం జీడితోటల్లో కాపు తగ్గి జీడిపిక్క ధర పెరిగి, గుండు, బద్ద రెండూ పదేసి శాతం ఎగబాకితే నిష్పత్తి మారదు. బడ్జెట్ రేఖ సమాంతరంగా లోపలికి జరుగుతుంది, కొనేది బద్దే, పరిమాణం తగ్గుతుంది.

గుండు రూ. 900, బడ్జెట్ రూ. 9,000 దగ్గర స్థిరంగా ఉంచి బద్ద డిమాండ్ పట్టిక వేస్తే:

బద్ద రూ. 1,000 అయితే 0 కిలోలు
రూ. 900 అయితే 0 నుంచి 10 కిలోల మధ్య ఎంతైనా
రూ. 750 అయితే 12 కిలోలు
రూ. 600 అయితే 15 కిలోలు
రూ. 450 అయితే 20 కిలోలు

దీన్ని గీస్తే, రూ. 900కు పైన డిమాండ్ రేఖ ధర అక్షానికి అతుక్కుని ఉంటుంది. 900 దగ్గర అడ్డంగా ఒక చదును గీత, దాని కింద కుడివైపు జారే వక్రరేఖ. ఆ చదును భాగాన్ని గీయకుండా వదిలేయడం ఇంకో మామూలు తప్పు.

ధర ప్రభావాన్ని ప్రత్యామ్నాయ ప్రభావం (చవకైనదాని వైపు మారడం), ఆదాయ ప్రభావం (ధర దిగి మిగిలిన డబ్బుతో ఎక్కువ కొనడం) అని విడదీయమన్నప్పుడు హిక్స్ పద్ధతిలో, అంటే పాత తృప్తిని మారకుండా ఉంచి, ఇలా చేయండి. బద్ద 1,000 నుంచి 750కి దిగిందనుకుందాం. పాత స్థితి 10 కిలోల గుండు. అదే 10 కిలోల తృప్తిని కొత్త ధరల్లో చవగ్గా పొందాలంటే 10 కిలోల బద్ద కొనాలి, ఖర్చు రూ. 7,500. కాబట్టి బద్ద 0 నుంచి 10కి వెళ్లడం ప్రత్యామ్నాయ ప్రభావం. మిగిలిన రూ. 1,500తో వచ్చే 2 కిలోలు ఆదాయ ప్రభావం. మొత్తం 12.

ఇప్పుడు బద్ద 750 నుంచి 600కి దిగిందనుకోండి. పాత స్థితి 12 బద్ద. అదే తృప్తికి కొత్త ధరల్లోనూ 12 బద్దే కావాలి, అటునుంచి ఇటు మారడానికి గుండు ఏమీ మిగల్లేదు. ప్రత్యామ్నాయ ప్రభావం సున్నా, 12 నుంచి 15కి పెరిగిన 3 కిలోలూ ఆదాయ ప్రభావమే. "పరిపూర్ణ ప్రత్యామ్నాయాల్లో ధర ప్రభావమంతా ప్రత్యామ్నాయ ప్రభావమే" అని బట్టీ పట్టినవాళ్లు ఈ రెండో లెక్కలో పడిపోతారు. ధర మారి ఎంపిక మూల మారిందా, అదే మూలలో ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

ఒకటికి రెండు: పాల ప్యాకెట్లు

విజయనగరంలో ఇంటికి పాలు తెచ్చుకునే లెక్క తీసుకుందాం. లీటరు ప్యాకెట్ రూ. 70, అర లీటరు ప్యాకెట్ రూ. 36. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, పాలు ఒకే రకం. ఒక లీటరు ప్యాకెట్ బదులు రెండు అర లీటర్లు కావాలి. కాబట్టి ప్రయోజనం = 2 × లీటరు ప్యాకెట్లు + 1 × అర లీటరు ప్యాకెట్లు. ఉపాంత ప్రత్యామ్నాయ రేటు 2, దీన్ని తిరగేసి 1/2 అని రాయకండి. తేడా తెలియాలంటే అక్షాల మీది చుక్కలు చూడండి: అడ్డ అక్షం (లీటరు) మీద 18 ఉంటే నిలువు అక్షం (అర లీటరు) మీద 36 ఉండాలి. రేఖ నిటారుగా వస్తే సరైనదే.

నెలకు రూ. 1,260 పెడితే లీటరు ప్యాకెట్లు 18, లేదా అర లీటర్లు 35. బడ్జెట్ రేఖ వాలు 70 ÷ 36 = 1.944. వాడకం రేటు 2 కంటే ఇది తక్కువ, కాబట్టి 18 లీటరు ప్యాకెట్లే. కాగితం మీద చూస్తే బడ్జెట్ రేఖ, 18 లీటర్ల ఉదాసీనతా రేఖ దాదాపు కలిసిపోయినట్టుంటాయి. ఒక చివర కలిసి, రెండో చివర 35కు, 36కు ఒక్క గడి తేడా. చేత్తో గీసిన గీతను నమ్మి ఇలాంటి చోట తీర్పు చెప్పకూడదు. రూపాయికి ఎంత వస్తోందో చూడండి: లీటరు ప్యాకెట్‌లో 2 ÷ 70 = 0.0286, అర లీటరులో 1 ÷ 36 = 0.0278. ఎక్కువ ఉన్నదే కొంటారు. ఎన్ని వస్తువులున్నా ఈ కొలత చాలు, గీత లేకుండానే జవాబు వస్తుంది. "36 చిన్న అంకె కాబట్టి అదే చవక" అనుకోవడం కొట్టు దగ్గర పనిచేసే బేరం కాదు.

జేబులో రూ. 106 మాత్రమే ఉంటే? ఒక లీటరు, ఒక అర లీటరు, మొత్తం లీటరున్నర కొంటారు. మూల పరిష్కారం తప్పిందా? లేదు. పావు ప్యాకెట్, ముప్పావు ప్యాకెట్ అమ్మరు కాబట్టి అలా వచ్చింది. సిద్ధాంతంలో వస్తువును ఎంత చిన్నగానైనా విడదీయొచ్చని అనుకుంటాం. కొద్ది డబ్బు, పెద్ద ప్యాకెట్లు ఉన్నచోట ముందు చవక వస్తువు ఎన్ని వస్తాయో చూసి, మిగిలిన చిల్లరకు రెండోది వస్తుందేమో చూడాలి.

బడ్జెట్ రేఖ మధ్యలో విరిగితే

ఇక్కడే విషయం రసవత్తరం. ఉదాసీనతా రేఖ సరళరేఖే అయినా, బడ్జెట్ రేఖ అలా ఉండాలని లేదు. వంటకు గ్యాస్, ఇండక్షన్ స్టవ్ తీసుకోండి. కావాల్సింది గిన్నెకు వేడి, అది ఎందులోంచి వచ్చినా ఒకటే అనుకుందాం. కరెంటు యూనిట్ల లెక్కలో చెబితే కిలో ఎల్‌పీజీలో సుమారు 12.8 యూనిట్ల శక్తి ఉంటుంది. పొయ్యి అందులో 65 శాతం గిన్నెకు చేరుస్తుందనుకుంటే 8.3 యూనిట్లు. ఇండక్షన్ 85 శాతం చేరుస్తుందనుకుంటే, కిలో గ్యాసుకు సాటి 9.8 యూనిట్ల కరెంటు. వాడకం రేటు అదే.

14.2 కిలోల సిలిండర్ రూ. 900 అనుకుంటే కిలో రూ. 63.40. దాన్ని 9.8తో భాగిస్తే రూ. 6.47. యూనిట్ కరెంటు ఇంతకంటే చవకైతే ఇండక్షన్, ఖరీదైతే గ్యాస్. కానీ కరెంటు బిల్లుకు శ్లాబులుంటాయి. ఈ నెల తక్కువ శ్లాబులో ఇంకా 60 యూనిట్లు మిగిలాయి, వాటికి రూ. 6, అవి దాటితే రూ. 8.75 అనుకోండి. 60 యూనిట్ల దాకా కరెంటు చవక, ఆ తర్వాత గ్యాస్ చవక. బడ్జెట్ రేఖ 60 దగ్గర బయటికి పొడుచుకువచ్చి విరుగుతుంది.

వంట ఇంధనానికి రూ. 740 పెట్టి మూడు దారులూ చూడండి. మొత్తం గ్యాసయితే 11.67 కిలోలు, గిన్నెకు చేరేది సుమారు 97 యూనిట్లు. మొత్తం కరెంటయితే 60 యూనిట్లకు రూ. 360, మిగతా రూ. 380కి 43 యూనిట్లు, గిన్నెకు 88. విరుపు దగ్గర ఆగి 60 యూనిట్ల కరెంటు, 6 కిలోల గ్యాస్ తీసుకుంటే 51 + 50, అంటే 101. పరిపూర్ణ ప్రత్యామ్నాయాలే, అయినా రెండూ కొంటున్నారు. ఒక ఇంట్లో రెండూ వాడుతున్నారని చూసి "ఇవి పరిపూర్ణ ప్రత్యామ్నాయాలు కావు" అని తేల్చేయకూడదు. ధరలు ఎలా కడుతున్నారో ముందు చూడాలి.

ఎక్కువ కొంటే రేటు తగ్గించే చోట విరుపు లోపలికి పోతుంది, లెక్క పూర్తిగా తిరగబడుతుంది. బద్ద మొదటి 5 కిలోలకు కిలో రూ. 950, ఆ పైన కొనే ప్రతి కిలోకు రూ. 800. గుండు రూ. 900. మొదటి కిలో రేటు మాత్రమే చూసేవాళ్లు బద్దను అక్కడే వదిలేస్తారు. రూ. 9,000తో గుండు 10 కిలోలే వస్తుంది, బద్ద అయితే రూ. 4,750కి 5, మిగతా రూ. 4,250కి 5.31, మొత్తం 10.31 కిలోలు. విరుపు దగ్గర ఆగి 5 బద్ద, మిగతా గుండు కొంటే 9.72, అన్నింటికన్నా తక్కువ. లోపలికి విరిగిన రేఖ మీద విరుపును వదిలేసి రెండు చివరలనే పోల్చాలి. అయితే ఇక్కడ జవాబు చేతిలో ఉన్న డబ్బును బట్టి కూడా మారుతుంది. రూ. 6,000 అయితే గుండు 6.67 కిలోలు, బద్ద 6.56, కాబట్టి గుండే. రూ. 6,750 దగ్గర రెండువైపులా సరిగ్గా 7.5 కిలోలు. అంతకు తక్కువ పెట్టేవాళ్లు గుండు, ఎక్కువ పెట్టేవాళ్లు బద్ద కొంటారు.